1960ల నాటి టెలిఫోటో లెన్స్, ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరా: 7 వేల లోపు అసలైన జూమ్ వస్తుందా?

"ఫోన్‌లోనే 100ఎక్స్ జూమ్ ఉంది కదా, ఇంకా ఈ పాత ఇనప గొట్టాలతో పనేంటి?" బ్యాగులోంచి 200 ఎంఎం లెన్స్ బయటికి తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మాటల్లో కంటే మిల్లీమీటర్లలో బాగా చెప్పొచ్చు.

శాంసంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రా తీసుకోండి. అందులో 10ఎక్స్ కెమెరా ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 230 ఎంఎంతో సమానం. కానీ అది "సమానం" మాత్రమే. లోపలున్న లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ దాదాపు 27 ఎంఎం, ఎపర్చర్ ఎఫ్/4.9. అంటే వెలుతురు లోపలికి వచ్చే దారి వెడల్పు సుమారు 5.5 మిల్లీమీటర్లు. పెసరగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. నా దగ్గరున్న పాత 200 ఎంఎం ఎఫ్/4 లెన్స్‌కి అదే దారి 50 మిల్లీమీటర్లు. వైశాల్యంలో చూస్తే 80 రెట్లకు పైనే తేడా. ఫోన్ ఈ తేడాని సాఫ్ట్‌వేర్‌తో పూడుస్తుంది. చాలాసార్లు బాగానే పూడుస్తుంది కూడా, కాదనను. కానీ 2023లో ఏమైందో గుర్తుందా? ఒక యూజర్ కావాలనే బ్లర్ చేసిన చంద్రుడి బొమ్మని మానిటర్ మీద పెట్టి, దూరం నుంచి శాంసంగ్ ఫోన్‌తో ఫొటో తీస్తే, ఆ బొమ్మలో లేని గుంటలు ఫొటోలో కనిపించాయి. చంద్రుణ్ని గుర్తుపట్టి ఏఐతో వివరాలు పెంచుతామని తర్వాత కంపెనీయే వివరణ ఇచ్చింది.

ఫోన్ల వాళ్లకీ ఈ ఇబ్బంది తెలుసు. 2025లో వచ్చిన వివో ఎక్స్200 అల్ట్రాకి జైస్ పేరుతో విడిగా బిగించుకునే టెలి ఎక్స్‌టెండర్ తెచ్చారు చూడండి. ఎంత సాఫ్ట్‌వేర్ ఉన్నా చివరికి ముందు ఒక పెద్ద గాజు పెట్టక తప్పలేదు. మరి ఆ పెద్ద గాజు 1960ల నుంచే సెకండ్ హ్యాండ్ షాపుల్లో దుమ్ముపట్టి పడి ఉంటే?

ఇప్పుడే ఎందుకు కుదురుతోంది

పాత లెన్స్‌ని కొత్త కెమెరాకి తగిలించడం కొత్త ఆలోచనేం కాదు. డీఎస్ఎల్ఆర్ రోజుల్లోనూ చేసేవాళ్లు. కాకపోతే అప్పుడు ఒక గోడ అడ్డం ఉండేది. దాని పేరు ఫ్లాంజ్ దూరం. కెమెరా మౌంట్ నుంచి సెన్సర్ దాకా ఉండే దూరం అన్నమాట. ప్రతి లెన్స్ ఒక నిర్దిష్టమైన దూరం కోసమే తయారవుతుంది. ఆ దూరం పెరిగితే లెన్స్ దూరంగా ఉన్న వస్తువుల్ని ఫోకస్ చెయ్యలేదు.

పాత పెంటాక్స్, జెనిత్ కెమెరాల ఎం42 స్క్రూ మౌంట్‌కి ఈ దూరం 45.46 ఎంఎం. కానన్ ఎఫ్‌డీకి 42 ఎంఎం. 1987లో కానన్ ఆటోఫోకస్ కోసం ఈఎఫ్ మౌంట్‌కి మారింది, దాని దూరం 44 ఎంఎం. ఈ 2 ఎంఎం తేడా వల్ల ఎఫ్‌డీ లెన్సులన్నీ ఒక్కసారిగా అనాథలయ్యాయి. కానన్ కొత్త కెమెరాకి కానన్ పాత లెన్సే సరిగ్గా సరిపోదు! మధ్యలో ఇంకో గాజు ఉన్న అడాప్టర్ పెట్టాలి, దాంతో క్వాలిటీ పోతుంది. నికాన్ ఎఫ్ మౌంట్ పరిస్థితి ఇంకా కష్టం, దానిది 46.5 ఎంఎం. బయటి లెన్సులు పెట్టడానికి దాదాపు చోటే లేదు.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దం తీసేశారు కాబట్టి ఆ దూరం బాగా తగ్గిపోయింది. సోనీ ఈ మౌంట్‌కి 18 ఎంఎం, నికాన్ జెడ్‌కి 16, కానన్ ఆర్ఎఫ్‌కి 20, ఫ్యూజీ ఎక్స్‌కి 17.7. ఇప్పుడు ఎం42 లెన్స్‌ని సోనీకి పెట్టాలంటే మధ్యలో 27.46 ఎంఎం పొడవున్న ఖాళీ గొట్టం ఉంటే చాలు. అందులో గాజు లేదు, చిప్ లేదు, చెడిపోయేదేమీ లేదు. అందుకే అడాప్టర్ అంత చవక.

నా సెటప్, నాకైన ఖర్చు

కెమెరా సెకండ్ హ్యాండ్ సోనీ ఏ6000. 2014 మోడల్, 24 మెగాపిక్సెల్, ఏపీఎస్-సీ సెన్సర్. బాడీలో స్టెబిలైజేషన్ లేదు, ఆ సంగతి తర్వాత చెప్తా. లెన్స్ పేరు సూపర్ టకుమార్ 200 ఎంఎం ఎఫ్/4. పెంటాక్స్ కెమెరాలు తయారుచేసిన ఆసాహీ కంపెనీది, జపాన్‌లో తయారైంది. లెన్స్ నాకు 5,500 పడింది. అడాప్టర్ 900, రబ్బర్ హుడ్ 250. మొత్తం 6,650. ఏపీఎస్-సీ మీద 1.5 క్రాప్ కాబట్టి చూపు 300 ఎంఎంతో సమానం.

చేతిలోకి తీసుకోగానే తెలిసే విషయం, దీని ఫోకస్ రింగ్. ఇన్నేళ్ల తర్వాత కూడా వెన్నలా తిరుగుతుంది. ఇప్పటి లెన్సుల్లో చాలావాటికి రింగ్ తిప్పితే మోటార్‌కి సిగ్నల్ మాత్రమే వెళ్తుంది. ఇక్కడ మీ వేళ్లే నేరుగా గాజుని కదుపుతాయి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వెళ్లాలంటే చాలా దూరం తిప్పాలి, అందుకే కచ్చితంగా ఆపడం కూడా తేలిక.

మొదటిసారి పెడితే కెమెరా క్లిక్ మనదు. కంగారు పడొద్దు. మెనూలో "రిలీజ్ వితౌట్ లెన్స్" ఆన్ చెయ్యాలి. చిప్ లేదు కదా, లెన్సే లేదనుకుంటుంది పాపం. ఇంకొకటి, ఎం42 లెన్సుల వెనకాల ఒక చిన్న పిన్ను ఉంటుంది. పాత కెమెరాలు క్లిక్ సమయంలో దాన్ని నొక్కి ఎపర్చర్‌ని మూసేవి. నా లెన్స్‌కి పక్కన ఆటో, మాన్యువల్ అనే స్విచ్ ఉంది. మాన్యువల్‌లో పెడితే రింగ్ తిప్పినట్టల్లా ఎపర్చర్ మారుతుంది. ఈ స్విచ్ లేని లెన్సులు కూడా చాలా ఉన్నాయి. వాటికి పిన్నుని నొక్కి పట్టే అంచు ఉన్న అడాప్టర్ తీసుకోవాలి, లేదంటే ఎపర్చర్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది.

ఎక్స్‌పోజర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో పెట్టి, ఎపర్చర్ లెన్స్ మీద తిప్పితే కెమెరా మిగతాది చూసుకుంటుంది.

ఫోకస్ దగ్గరే అసలు పరీక్ష

లెన్స్ ఎంత మంచిదైనా ఫోకస్ తప్పితే 24 మెగాపిక్సెల్ ఫొటో వాట్సాప్ స్టేటస్‌కి కూడా పనికిరాదు. 200 ఎంఎం ఎఫ్/4 దగ్గర 5 మీటర్ల దూరంలో పిట్ట ఉంటే, షార్ప్‌గా కనిపించే లోతు మొత్తం కలిపి 10 సెంటీమీటర్లే. ఫొటోని 100 శాతానికి పెంచి చూసేవాళ్లకి అది ఇంకా తక్కువ. ముక్కు షార్ప్‌గా వచ్చి కన్ను పోవచ్చు.

అందరూ చెప్పే మాట ఫోకస్ పీకింగ్. అంటే ఫోకస్‌లో ఉన్న అంచులు ఎరుపులోనో పసుపులోనో మెరుస్తాయి. 50 ఎంఎం లెన్స్‌కి అది చాలు. టెలిఫోటోకి మాత్రం దాన్ని పూర్తిగా నమ్మొద్దు. ఈకలు, గడ్డి లాంటి సన్నని వివరాలున్న చోట పీకింగ్ ఉదారంగా అన్నింటినీ మెరిపిస్తుంది. నేను పీకింగ్‌తో దగ్గరికి వచ్చి, తర్వాత మ్యాగ్నిఫై చేసి కంటి మీద సరిచూస్తాను. ఆ మ్యాగ్నిఫై బటన్‌ని బొటనవేలికి అందే చోట పెట్టుకోవడం మొదటి రోజే చెయ్యాల్సిన పని. ఆ తర్వాత మూడు నాలుగు ఫ్రేములు వరసగా కొడతాను, ఎందుకంటే నిలబడి ఊపిరి తీసుకుంటేనే మనం ముందుకీ వెనక్కీ రెండు మూడు సెంటీమీటర్లు ఊగుతాం.

ఇక్కడే స్టెబిలైజేషన్ సంగతి వస్తుంది. ఫ్రెండ్ దగ్గర సోనీ ఏ7 మార్క్ 2 అడిగి తీసుకుని అదే లెన్స్ పెట్టి చూశాను. దాని బాడీలో 5 యాక్సిస్ స్టెబిలైజేషన్ ఉంది. మెనూలో ఫోకల్ లెంగ్త్ 200 అని మనమే చెప్పాలి, లేదంటే సెన్సర్ ఎంత కదలాలో దానికి తెలియదు. తక్కువ షటర్ స్పీడ్ దగ్గర షేక్ తగ్గడం అందరికీ తెలిసిన లాభమే. కానీ నాకు అంతకన్నా పెద్ద లాభం అనిపించింది వేరే. మ్యాగ్నిఫై చేసి చూసేటప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మ నిలబడింది! ఏ6000లో అదే పని చేస్తుంటే పిట్ట కన్ను తెర మీద గంతులేస్తుంది. మాన్యువల్ ఫోకస్ టెలిఫోటోకి స్టెబిలైజేషన్ అంటే ముందు ఫోకస్ సాయం, తర్వాతే షేక్ సాయం. బాడీ ఇంకా కొనని వాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. నాలాగా ఏ6000 ఉన్నవాళ్లు షటర్ స్పీడ్ 1/500 కన్నా తగ్గనివ్వకండి, దొరికితే ఏ గోడకో చెట్టుకో ఆనుకోండి.

అనంతం దగ్గర ఇంకో తిరకాసు. చాలా అడాప్టర్లని ఉండాల్సిన దానికంటే వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు, అందువల్ల ఫోకస్ రింగ్ అనంతం గుర్తు దాటి ఇంకాస్త వెళ్తుంది. చంద్రుణ్ని తీద్దామని రింగ్‌ని చివరిదాకా తిప్పేసి కొడితే అంతా మసక. చివరి నుంచి కొంచెం వెనక్కి రావాలి, మ్యాగ్నిఫై చేసే చూడాలి. ఇంతా చేస్తే 200 ఎంఎంలో చంద్రుడి సైజు సెన్సర్ మీద 1.8 మిల్లీమీటర్లు, ఏ6000లో దాదాపు 460 పిక్సెల్స్. చిన్నదే. కానీ అందులో కనిపించే ప్రతి గుంటా ఆ రాత్రి ఆ గాజులోంచి వచ్చిందే.

ఉప్పలపాడులో ఒక పొద్దున

గుంటూరులో ఉండే మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడు. వాళ్లక్క తన పాత ఏ6000 వాడికిచ్చింది, కిట్ లెన్స్‌తో. వాడికి పక్షుల పిచ్చి. జనవరిలో ఫోన్ చేసి, "అన్నయ్యా, జూమ్ ఫోన్ ఒకటి ఈఎంఐలో చూశా, 24 నెలలు. తీసుకోనా?" అన్నాడు. ట్యూషన్లు చెప్పి సంపాదించే డబ్బులో సగం పైగా రెండేళ్లపాటు దానికే పోతుంది. "ఒరేయ్ ఆగు, ఆదివారం వస్తున్నా" అన్నాను.

గుంటూరు పక్కనే ఉప్పలపాడు. ఊరి చెరువు, మధ్యలో చెట్లు, వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. అవి గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే చోటు కాబట్టి రోజంతా అక్కడే ఉంటాయి, మనుషుల్ని చూసి బెదరవు. మాన్యువల్ టెలిఫోటో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు. వాడి కెమెరాకి నా 200 పెట్టి, ఫోకస్ ఎలా చెయ్యాలో చూపించి, గట్టు మీద నేను పక్కన కూర్చున్నా.

మొదటి అరగంట అంతా మసకే. తర్వాత చేతికి అలవాటైంది. కూర్చున్న పక్షులవి 90 ఫ్రేములు తీస్తే 60 దాకా షార్ప్‌గా వచ్చాయి. పిల్లకి నోట్లో చేప పెడుతున్న ఎర్రకాళ్ల కొంగ ఫొటోలో కంటి చుట్టూ ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. వాడి మొహం చూడాలి అప్పుడు!

ఎగిరేవాటి కథ వేరు. 140 ఫ్రేములకి పనికొచ్చినవి 6. ఆ ఆరూ కూడా వెంటాడి తీసినవి కావు. గూటి అంచు మీద ముందే ఫోకస్ పెట్టి, పక్షి అక్కడికి దిగే క్షణం కోసం కాచుకుంటే వచ్చినవి. అడ్డంగా ఎగిరిపోయే పక్షిని చేత్తో రింగ్ తిప్పుతూ పట్టుకోవడం సాధ్యమే, ఆటోఫోకస్ లేని రోజుల్లో జనం పట్టుకున్నారు కూడా. కానీ అది వారానికి ఒక పూట చేస్తే వచ్చే విద్య కాదు.

ఆ సాయంత్రం వాడే చెప్పాడు, "నాకు ఎగిరేవే కావాలన్నయ్యా" అని. అలాంటప్పుడు పాత లెన్స్ వాడి సమస్యకి పూర్తి జవాబు కాదు, ఆ మాటే చెప్పాను. ఆటోఫోకస్ టెలి జూమ్ సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి డబ్బు దాచుకుంటున్నాడు. ఈలోపు చెయ్యి ఖాళీగా ఉండకూడదని నా దగ్గరున్న సోవియట్ జూపిటర్-37ఏ, 135 ఎంఎం ఎఫ్/3.5, వాడికే వదిలేసి వచ్చా. ఈఎంఐ ఫోన్ మాట మళ్లీ ఎత్తలేదు.

మీరు కూడా కొనేముందు ఇదే ప్రశ్న వేసుకోండి. కూర్చున్న పిట్టలు, పోర్ట్రెయిట్లు, జాతరలో మొహాలు, కొండలు, చంద్రుడు అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. క్రికెట్, ఎగిరే పక్షులు, పరుగెత్తే పిల్లలు అయితే ఆలోచించాలి.

తీగ మీద పాలపిట్ట, చుట్టూ ఊదా అంచు

ఈ లెన్స్ బలహీనత ఎక్కడుందో తెలియాలంటే మబ్బు పట్టిన రోజున కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టని తియ్యండి. తెల్లటి ఆకాశం, నల్లటి తీగ. ఎఫ్/4లో తీస్తే తీగ అంచుల వెంట ఊదా రంగు గీత. గాజులోంచి వెళ్లేటప్పుడు ఒక్కో రంగు ఒక్కోలా వంగుతుంది, అన్నీ ఒకేచోట కలవవు. ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ఈ జబ్బు పెరుగుతుంది. 135లో పట్టించుకోనక్కర్లేదు, 200లో కనిపిస్తుంది, మామూలు గాజుతో చేసిన పాత 300లో కళ్లలో గుచ్చుకుంటుంది.

నేను ఎఫ్/5.6కి తగ్గిస్తే చాలామటుకు పోయింది, ఎఫ్/8లో వెతికితే తప్ప లేదు. మిగిలింది ఎడిటింగ్‌లో డీఫ్రింజ్ స్లైడర్‌తో పోతుంది. ఎండకి ఎదురుగా తీస్తే మాత్రం ఇంకో సమస్య, బొమ్మంతా పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. సూపర్ టకుమార్ నాటి కోటింగ్ పల్చనిది. 1971 నుంచి వచ్చిన సూపర్ మల్టీ కోటెడ్ టకుమార్లు ఈ విషయంలో మెరుగు. నాకు 250 రూపాయల హుడ్ చాలావరకు కాపాడుతోంది.

ఈ రంగుల జబ్బుకి మందు అప్పట్లోనే కనిపెట్టారు. 1969లో కానన్ ఎఫ్ఎల్-ఎఫ్ 300 ఎంఎం ఎఫ్/5.6లో ఫ్లోరైట్ స్ఫటికం వాడింది. తర్వాత నికాన్ ఈడీ అని, కానన్ ఎల్ అని పేర్లు పెట్టి అలాంటి ప్రత్యేక గాజుల లెన్సులు అమ్మాయి. 1981లో వచ్చిన నికాన్ 180 ఎంఎం ఎఫ్/2.8 ఈడీ ఇప్పటి సెన్సర్ల మీద కూడా తలెత్తుకుని నిలబడుతుంది. వాటి ధర కూడా అలాగే ఉంటుంది లెండి.

ఇంకో దారి అద్దాల లెన్స్. వెలుతురుని గాజుతో వంచకుండా అద్దంతో వెనక్కి తిప్పితే రంగులు పెద్దగా విడిపోవు. మక్సుతోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త డిజైన్ మీద వచ్చిన ఎంటీఓ-500 అలాంటిదే. దాని మీద "గ్రాండ్ ప్రీ బ్రస్సెల్స్ 1958" అని చెక్కి ఉంటుంది, ఆ ఏటి ప్రపంచ ప్రదర్శనలో గెలిచిన బహుమతి అది. 500 ఎంఎం, పొట్టిగా ఉంటుంది, చూడ్డానికి చిన్న కుండలా. కాకపోతే ఎపర్చర్ ఎఫ్/8 దగ్గర స్థిరం, మార్చలేరు. బ్యాక్‌గ్రౌండ్‌లో మెరిసే చుక్కలన్నీ గారెల్లా మధ్యలో కన్నంతో వస్తాయి. కొందరికి అదే ఇష్టం. నాకు ఆకుల మధ్య పిట్ట ఉంటే ఆ గారెలు చిరాకు, చంద్రుడికైతే సూపర్.

ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి

మొదటిసారి అయితే 135 ఎంఎం. నా మాట వినండి. ఆ కాలంలో ప్రతి కంపెనీ ఒకటి చేసింది, అందుకే కుప్పలుగా దొరుకుతాయి, చవక. జూపిటర్-37ఏకి 12 ఎపర్చర్ బ్లేడ్లు, తగ్గించినా కన్నం గుండ్రంగానే ఉంటుంది కాబట్టి వెనక లైట్లు గుండ్రంగా వస్తాయి. పోర్ట్రెయిట్లకి అదో అందం. 200 ఎఫ్/4 రెండో మెట్టు. 300 కావాలంటే ఈడీ, ఎల్ లాంటి అక్షరాలు లేకుండా కొనొద్దు.

పాత జూమ్‌లు, అంటే 70-210, 80-200 లాంటివి, ఒకటి రెండు పేరున్నవి తప్ప దండం పెట్టి వదిలెయ్యండి. అప్పటి జూమ్ డిజైన్ ఇప్పటి 24 మెగాపిక్సెల్స్‌ని తట్టుకోదు. ఆన్‌లైన్‌లో 420-800 అని పెద్ద అంకెలతో కొత్తగా అమ్మే పొడవాటి గొట్టాలు కనిపిస్తాయి, వాటి జోలికి అసలు వెళ్లకండి. అవి వింటేజ్ కావు, మంచివీ కావు.

డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. ఏఐకి మార్చని చాలా పాత నికాన్ లెన్సుల్ని కొన్ని నికాన్ డీఎస్ఎల్ఆర్‌లకి బలవంతంగా పెడితే మౌంట్ దగ్గరుండే చిన్న మీట విరుగుతుంది. మీ మోడల్‌కి సరిపోతుందో లేదో చూసుకున్నాకే తిప్పండి.

కొనేముందు టార్చ్ వెయ్యండి

కోఠిలో కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. లెన్స్‌ని వెలుతురుకి ఎత్తి చూడ్డం కాదు. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. "దుమ్ము ఉంటే భయం లేదు బేటా, సాలెగూడు లాగ కనబడితే తీసుకోకు" అన్నాడాయన. ఆ సాలెగూడే ఫంగస్. మన దగ్గర, ముఖ్యంగా వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న లెన్సులకి ఇది మామూలే. అంచున చిన్నగా ఉంటే శుభ్రం చేయించొచ్చు. కోటింగ్‌ని తినేసి ఉంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. అద్దమంతా పల్చటి పొగలా కనిపిస్తే అది హేజ్, ఫొటోలో కాంట్రాస్ట్ చచ్చిపోతుంది.

తర్వాత ఎపర్చర్ బ్లేడ్లు చూడండి. వాటి మీద నూనె మెరిస్తే, ఆటోలో పిన్ను నొక్కి వదిలినప్పుడు బద్ధకంగా కదులుతాయి. మనం వాడేది మాన్యువల్‌లో కాబట్టి అదొక్కటే లోపమైతే పర్వాలేదు, ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం. ఫోకస్ రింగ్ గట్టిగా ఉన్నా, ఇసుక పడ్డట్టు గరగరలాడినా వదిలెయ్యండి. గ్రీజు మార్పించడానికి అయ్యే ఖర్చు లెన్స్ ధరలో సగం ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఈ టార్చ్ వీడియో పంపమని అడగండి. పంపననే వాడి దగ్గర కొనకండి.

ఇంటికి తెచ్చాక దాంతో వచ్చిన పాత తోలు సంచిని పక్కన పెట్టెయ్యండి, చెమ్మని పట్టి ఉంచి ఫంగస్‌ని పెంచేది అదే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ ప్యాకెట్లు, ఒక చిన్న హైగ్రోమీటర్. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. బియ్యం డబ్బాలో పెట్టే చిట్కా ఎవరైనా చెప్తే వినకండి, ఆ పిండి దుమ్మంతా ఫోకస్ రింగ్‌లోకి పోతుంది.

ఇక బేరం. ఈ పాత లెన్సుల్లో చాలావాటికి ముందు మూత ఉండదు. అది లేదని చెప్పి 300 తగ్గించమనండి, సాధారణంగా తగ్గిస్తారు. 58 ఎంఎం మూత ఆన్‌లైన్‌లో 100 రూపాయలకే దొరుకుతుంది.